షూరిటీ సంతకం పెట్టనని అన్నకు చెప్పడం: నా అనుభవం

మా అన్న చిట్టీకి షూరిటీ సంతకం పెట్టనని చెప్పడానికి అర నిమిషం పట్టింది. అంతకుముందు నెలన్నర నాకు సరిగ్గా నిద్ర లేదు, ఆ తర్వాత చాలా వారాలు మా మధ్య మాటల్లేవు. సొంతవాళ్లకు కాదని చెబితే దేవుడి దగ్గర దోషులమవుతామేమోనని లోపల్లోపల నలిగిపోయేవాళ్లు మా చర్చి సంఘంలోనే చాలామంది ఉన్నారని ఈ గొడవలో పడ్డాకే తెలిసింది. వాళ్లలో కొందరు గుడి (మేం చర్చిని అలాగే అంటాం) బయట నన్ను పక్కకు పిలిచి, "ఎట్లా చెప్పావు, తర్వాత ఏమైంది?" అని అడిగారు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. సికింద్రాబాద్ మెట్టుగూడలో ఉంటాం. అన్నది రామంతాపూర్‌లో టెంట్‌హౌస్, అమ్మ వాళ్ల దగ్గరే ఉంటుంది. ప్రభుత్వ టీచర్ ఇంట్లో ఉందంటే చుట్టాలకు చిట్టీ కంపెనీ దగ్గర సగం పని అయిపోయినట్టే. జీతం ఆగదు, ఉద్యోగం పోదు, కంపెనీకి ఇంకేం కావాలి?

2021లో అన్న ఐదు లక్షల చిట్టీ పాడుకున్నప్పుడు, అంటే వేలంలో డబ్బు ముందే తీసుకున్నప్పుడు, మిగతా కిస్తీలకు పూచీగా నేనే షూరిటీ. ఆషాఢంలో, మూఢాల్లో పెళ్లిళ్లు ఉండవు, టెంట్‌హౌస్‌కు గిరాకీ ఉండదు, కిస్తీలు ఆగిపోయేవి. కంపెనీ ఫోన్ అన్న కంటే ముందు నాకు వచ్చేది. ఒకసారి మా జీతాలు డ్రా చేసే అధికారికి, అదే మా డీడీవోకు, లెటరే వచ్చింది. మధ్యాహ్న భోజనం వడ్డిస్తుంటే హెడ్మాస్టర్ పిలిచి, పిల్లల ముందు కాకపోయినా వంటమనుషుల ముందు, "ఏంటమ్మా ఇది?" అని అడిగారు. పదివేల చొప్పున కొన్ని కిస్తీలు నేనే కట్టాను. "సీజన్ రాగానే సర్దుతా చెల్లె" అనేవాడు అన్న. సీజన్లు వచ్చాయి, పోయాయి.

2024 డిసెంబర్ 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధన అయిపోయి, అందరం వాగ్దాన కార్డులు తీసుకుని కాంపౌండ్‌లో కేకు తింటున్నాం. అన్న వచ్చి హ్యాపీ న్యూ ఇయర్ చెప్పి, అదే ఊపులో చెప్పేశాడు: కొత్తగా వేసిన పది లక్షల చిట్టీ డిసెంబర్‌లో పాడేశాడట, ముగ్గురు షూరిటీలు కావాలట, అందులో ఒకరిని నేనట. "శాలరీ సర్టిఫికెట్, మూడు నెలల పేస్లిప్పులు సంక్రాంతి లోపల ఇచ్చెయ్." నన్ను అడగలేదు, చెప్పాడు. నేను తలూపలేదు, కాదనీ అనలేదు. చేతిలో కేకు ముక్క ఉండటం మంచిదైంది.

జనవరి అంతా సాకులతో గడిచింది. మా డీడీవో ఇప్పుడు సర్టిఫికెట్లు ఇవ్వట్లేదన్నాను. డీడీవో బావమరిది ఇంట్లో ఫంక్షన్‌కు మా అన్నే టెంటు వేశాడట, రెండు రోజుల్లో "మాట్లాడేశా, ఇస్తాడు" అని ఫోన్. మా ఆయనకు ఇష్టం లేదన్నాను. అన్న మా ఆయన్ని తార్నాకలో ఇరానీ చాయ్‌కు తీసుకెళ్లి గంటసేపు కూర్చోబెట్టాడు. ఆయన ఇంటికొచ్చి, "నా పేరెందుకు వాడావు? నీకు ఇష్టం లేకపోతే నీకని చెప్పు" అన్నారు. న్యాయమే. పండగ అయ్యాక చూద్దామన్నాను. జనవరి 16 పొద్దున్నే ఫోన్ మోగింది. నేను చెప్పే ప్రతి కారణానికీ మా అన్న దగ్గర ఒక పరిష్కారం ఉండేది. వ్యాపారం చేసేవాడు కదా.

ఈలోగా మా స్టాఫ్‌లో ఒక మేడం వాళ్లాయన అడ్వకేట్ అంటే వెళ్లి అడిగాను. ఫీజు తీసుకోలేదు. ఆయన చెప్పింది విన్నాక భయం పెరిగింది కానీ బుర్ర తేటపడింది. షూరిటీ అంటే మాటసాయం కాదు. బాకీదారుడు ఎంత బాధ్యుడో షూరిటీ కూడా అంతే బాధ్యుడని 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలోనే ఉంది. కంపెనీ ముందు అన్న వెంటపడి, అక్కడ రాకపోతేనే నా దగ్గరకు రావాలని రూలేమీ లేదు. కేసు చిట్స్ డిప్యూటీ రిజిస్ట్రార్ దగ్గరకు పోయి నా మీద అవార్డు (తీర్పు) వస్తే జీతం అటాచ్ (జప్తు) చేయించవచ్చు: మొదటి వెయ్యి రూపాయలు వదిలేసి, మిగిలిన దాంట్లో మూడో వంతు దాకా. పది లక్షల చిట్టీ, నెలకు పాతికవేలు, నలభై నెలలు. అన్న కట్టింది ఏడు కిస్తీలే. డివిడెండ్ (వేలం తగ్గింపులో వచ్చే వాటా) పోయినా ఇంకా ఏడెనిమిది లక్షల బాధ్యత. మా పాప ఇంటర్ చదివే రెండేళ్లూ ఆ లెక్కలోనే ఇరుక్కుంటాయి.

జనవరి చివరి వారంలో మా పాస్టర్ అయ్యగారి దగ్గరకు వెళ్లాను. ఆయన ఓపిగ్గా విని, ప్రార్థన చేసి, బైబిల్లో మత్తయి 18లోని డెబ్బై ఏళ్ల మారులు, అంటే డెబ్బై ఏడుల సార్లు, క్షమించమన్న మాట ఎత్తి, "అన్నను క్షమించమ్మా, కుటుంబం ముఖ్యం" అన్నారు. నేను క్షమించలేదని ఎవరన్నారు? పాత కిస్తీలు ఏనాడూ తిరిగి అడగలేదు. క్షమించినంత మాత్రాన కొత్త బాండు మీద సంతకం పెట్టాలా? ఈ మాట ఆయనతో అనలేకపోయాను. చాయ్ తెచ్చిన అమ్మగారు (అయ్యగారి భార్య) అన్నారు: "ఆ అధ్యాయమే కొంచెం పైనుంచి చదవండి, పదిహేనో వచనం." తప్పు జరిగినప్పుడు ముందు నువ్వొక్కదానివే వెళ్లి అతనికి చెప్పు. వినకపోతే ఒకరిద్దర్ని తీసుకెళ్లు. అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు. క్షమాపణ గురించి పేతురు అడిగింది ఆ తర్వాతే. బైబిల్లోనే సామెతల గ్రంథం 6, 22 అధ్యాయాలు కూడా చూడమన్నారు. ఇంటికెళ్లి చూశాను. ఇతరుల అప్పుకు పూటపడొద్దని (పూచీ ఉండొద్దని), చెల్లించలేకపోతే నీ కింద పరుపు కూడా లాక్కుపోతారని 22వ అధ్యాయంలో ఉంది. సండేస్కూల్ నుంచి సామెతలు బట్టీ పట్టినదాన్ని, ఈ వచనం మీద ఒక్క ప్రసంగం విన్న గుర్తు లేదు.

అమ్మగారే తార్నాకలో ఒక క్రిస్టియన్ కౌన్సిలర్ నంబర్ ఇచ్చారు. శనివారాలే ఖాళీ అంటే రెండు వారాలకు పైగా ఆగాల్సి వచ్చింది. ఫీజు యాభై నిమిషాలకు 1,200 రూపాయలు. మాకు అది చిన్న మొత్తం కాదు, కానీ నేను కట్టిన ఒక్క కిస్తీతో పోల్చుకుంటే దిగులేమీ అనిపించలేదు. వెళ్లగానే ఫారం నింపమన్నారు: నిద్ర ఎంత, బీపీ, థైరాయిడ్ ఉన్నాయా, ఇంట్లో కొట్టేవాళ్లు ఎవరైనా ఉన్నారా. వాక్యం, ప్రార్థన ఉంటాయనుకుని బైబిల్ పట్టుకెళ్లాను. ఆమె, "ప్రార్థన చేయమంటారా, ఇప్పుడు వద్దా?" అని అడిగారు. ప్రార్థన చేయనా అని నన్ను అంతకుముందు ఎవరూ అడగలేదు, చేసేయడమే. ఏమనాలో తోచక "చివర్లో చేయండి" అన్నాను. అలాగే చివర్లోనే చేశారు, క్లుప్తంగా.

ఆమె నాకు సలహా ఇవ్వలేదు. కాగితం మధ్యలో గీత గీసి, అన్న కుటుంబానికి సంతోషంగా చేయగలిగినవి ఒక వైపు, చేసి సణుక్కునేవి ఇంకో వైపు రాయమన్నారు. అమ్మ మందులు, మేనల్లుడి చదువు, వదిన ఆపరేషన్‌కు సెలవు పెట్టి తోడుండటం సంతోషం వైపు వచ్చాయి. చిట్టీ, చేబదులు, రాత్రి పదింటి ఫోన్లు రెండో వైపు. "సణుగుకొనకయు బలవంతముగా కాకయు" అని ప్రతి ఆదివారం కానుకలు పట్టేముందు వింటాం. అది గుడిలో సంచీకే కాదు, ఇంట్లో ఇచ్చేదానికి కూడా వర్తిస్తుందని ఆ కాగితం చూస్తుంటే అనిపించింది.

ఇంకొకటి, కారణాలు చెప్పొద్దన్నారు. అవునంటే అవును, కాదంటే కాదు అన్న మత్తయి 5 మాటను ఆమె చాలా మామూలుగా, వంట చిట్కా చెప్పినట్టు చెప్పారు. ఇంట్లో మా ఆయన అన్న వేషం వేసి ప్రాక్టీస్ చేయించారు. మొదట్లో నాకు నవ్వాగలేదు. ఆయన మరీ మా అన్నలాగే "అది కాదు చెల్లె" అనేసరికి ఏడుపొచ్చింది.

ఫిబ్రవరి 16 ఆదివారం ఆరాధన తర్వాత నేనొక్కదాన్నే రామంతాపూర్ వెళ్లాను. వదిన బగారా అన్నం, చికెన్ చేసింది. తిన్నాక అన్న డాబా మీదకు పోతే వెనకే వెళ్లాను. ముందురోజు ఫంక్షన్ నుంచి తిరిగొచ్చిన స్టీలు గ్లాసులు పదేసి చొప్పున ఒకదాంట్లో ఒకటి పెట్టి లెక్కపెడుతున్నాడు. తీగ మీద షామియానా గుడ్డ ఆరేసి ఉంది, దాని నీడలో కూర్చున్నాం.

"అన్నా, ఈ చిట్టీకి నేను షూరిటీ ఉండను. ఇకముందు ఏ చిట్టీకీ, ఏ లోనుకూ ఉండను. అమ్మకు నేను చేయాల్సింది చేస్తా."

గ్లాసులు ఆగలేదు. "డీడీవోతో ప్రాబ్లమా?"

"కాదు."

"బావ వద్దన్నాడా?"

"లేదు. నేనే ఉండనంటున్న."

అప్పుడు లెక్క తప్పింది. మళ్లీ మొదటి వరస నుంచి ఎత్తుకున్నాడు. కాసేపటికి తల ఎత్తకుండానే, "నిన్ను టీటీసీ చదివిచ్చింది ఎవరే?" అన్నాడు.

కోపానికి సిద్ధమయ్యే వెళ్లాను. ఈ మాటకు మాత్రం సిద్ధంగా లేను. బాపు పడకేసినప్పుడు అన్న డిగ్రీ మానేసి ఇంకొకరి టెంట్‌హౌస్‌లో కూలికి చేరాడు, నా టీచర్ ట్రైనింగ్ ఫీజు ఆ డబ్బుతోనే కట్టారు. అది నిజం. "నువ్వే అన్నా. చచ్చేదాకా మర్చిపోను. సంతకం మాత్రం పెట్టను" అన్నాను. గొంతు వణికింది. అన్న గ్లాసుల బుట్ట ఎత్తుకుని కిందికి వెళ్లిపోయాడు. ఎప్పుడు వెళ్లినా వదిన పాప కోసం టిఫిన్‌బాక్స్ కట్టిస్తుంది. ఆరోజు కట్టలేదు.

ఇక్కడితో బరువు దిగిపోతుందనుకున్నాను. అసలు కష్టం అప్పుడే మొదలైంది. అన్న ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులోంచి వెళ్లిపోయాడు. అమ్మ రోజూ రాత్రి ఫోన్ చేసి ఏమీ అనకుండా ఏడ్చేది. మార్చి 5 భస్మ బుధవారం నుంచి శ్రమల దినాల (ఈస్టర్‌కు ముందు నలభై రోజుల) కూటాలు. ఇంటింటికీ తిరిగే ఆ ప్రార్థనల్లో ఒక ఆంటీ కళ్లు మూసుకుని, "తోబుట్టువుల మీద కనికరం లేని హృదయాలను కరిగించు ప్రభువా" అని గట్టిగా ప్రార్థించింది. ఆమెన్ అన్నవాళ్లలో సగం మంది కళ్లు తెరిచి నన్ను చూస్తున్నారు. కుటుంబ సంగతి సంఘం ముందుకు తేవడం చివరి మెట్టని బైబిల్లో ఉంది, మా దగ్గర అదే మొదటి మెట్టయింది. ప్రార్థన మనవి పేరుతో ఊళ్లో ప్రచారం చేయడం మన సంఘాల్లో పాత జబ్బే.

గుండె దడదడలాడుతుంటే క్లినిక్‌కు వెళ్లి ఈసీజీ తీయించుకున్నాను. నార్మల్. టెన్షన్ అన్నారు. ఒక అర్ధరాత్రి ఎవర్నీ లేపలేక 14416కు ఫోన్ చేశాను. టెలీ మానస్ అని ప్రభుత్వానిదే, డబ్బులు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడారు. అవతలి అమ్మాయి ఎక్కువేం చెప్పలేదు, విన్నది. ఆరోజుకు అది చాలింది.

నన్ను ఎక్కువగా పీడించింది ప్రభురాత్రి భోజనం, ఆరాధనలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునే బల్ల. బలిపీఠం దగ్గర అర్పణ వదిలేసి ముందు సహోదరుడితో సమాధానపడమని ఉంది కదా, నేను బల్లలో చెయ్యి వేయొచ్చా? మార్చిలో మొదటి ఆదివారం ఆగిపోయాను. అయ్యగారిని మళ్లీ అడిగాను. ఈసారి ఆయన తొందరపడలేదు. "నీ వైపు నుంచి మాట్లాడటానికి తలుపు తెరిచి ఉందా?" అన్నారు. ఉందన్నాను. "మరి ఇంకొకరిని తోడు తీసుకుని వెళ్లు. సంతకం ఇస్తేనే సమాధానం అని అక్కడ రాయలేదు." ఆయన మనసు ఎలా మారిందో తెలియదు. అమ్మగారి చాయ్ మహిమ అయినా కావచ్చు.

ఏప్రిల్ 5 శనివారం, జగ్జీవన్‌రామ్ జయంతి సెలవు, మల్కాజిగిరిలో చిన్నాయన ఇంట్లో కూర్చున్నాం. చిన్నాయన పాతకాలపు మనిషి, ఇద్దర్నీ తిట్టాడు, నన్ను కొంచెం ఎక్కువ. అన్న ఒక పాత నోట్‌బుక్ తెచ్చాడు, నా చదువుకు పెట్టిన ఖర్చు అందులో ఉంది. చదివాడు. హాస్టల్ ఫీజు, పుస్తకాలు, ఒక జత చెప్పులు కూడా. నేను కట్టిన కిస్తీల రసీదులు నా హ్యాండ్‌బ్యాగ్‌లో ఉన్నాయి. లెక్కకు లెక్క పెడితే కోర్టు అవుతుంది, కుటుంబం కాదని కౌన్సిలర్ ముందే హెచ్చరించారు. జిప్ మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను, తీయలేదు. ఆ చెప్పుల జత నాకు గుర్తుంది, గోధుమ రంగు బాటా.

సాయంత్రానికి చిన్నాయన ఏదో కన్వెన్షన్ కరపత్రం వెనక రాశాడు. చెల్లె షూరిటీ ఉండదు, చేబదులు ఇవ్వదు. అమ్మ మందుల ఖర్చు నెలకు 3,500 దాకా నేరుగా మెడికల్ షాపుకే కడుతుంది. పిల్లాడి ఫీజుకు ఏమైనా ఇవ్వాలనుకుంటే కాలేజీకే కడుతుంది. రాత్రి తొమ్మిది దాటాక అమ్మకు ఒంట్లో బాగాలేకపోతే తప్ప ఫోన్లు లేవు. ఇద్దరిలో ఎవరూ ఈ సంగతి గుడిలో ఎత్తకూడదు. ఈ చివరిది అన్నే అడిగాడు. ఆంటీ ప్రార్థనకు అతనూ సిగ్గుపడ్డాడని అప్పుడు తెలిసింది. కింద ఇద్దరం సంతకాలు పెట్టాం. ఆ సంతకానికి నేను వెనకాడలేదు.

ఈస్టర్ ఏప్రిల్ 20న వచ్చింది. తెల్లవారుజామున బాపు సమాధి దగ్గర కలిశాం, సున్నం ఖర్చు ఏటా లాగే సగం సగం. ఆ మధ్యాహ్నం వాట్సాప్ గ్రూపులో అన్న నంబర్ మళ్లీ కనిపించింది, అమ్మే చేర్పించిందట.

నన్ను తినేసిన ఇంకో భయం, నేను సంతకం పెట్టకపోతే అన్న పాడుకున్న డబ్బు మునిగిపోతుందేమోనని. మునగలేదు. షూరిటీలు కుదిరేదాకా ఆ సొమ్మును కంపెనీ విడిగా బ్యాంకులో వేయాలని చిట్‌ఫండ్ చట్టంలోనే ఉందట. ఈ ఒక్క ముక్క జనవరిలో తెలిసి ఉంటే నా నిద్ర కొంతైనా మిగిలేది. మే నెలలో అన్న నా బదులు ఇంకొకరిని కుదుర్చుకున్నాడు. ఆయన సగానికే ఒప్పుకుంటే, మిగతాదానికి వదిన గాజులు బ్యాంకులో పెట్టి, ఆ డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసి చూపించారు. ఇది విన్నరోజు అన్నం సహించలేదు. నేను తప్పు చేశానని అనుకోవట్లేదు, కానీ పెళ్లిళ్లలో వదిన బోసి చేతులు చూసినప్పుడు మాట రాదు. వదిన ఇప్పటికీ నాతో ముక్తసరిగానే మాట్లాడుతుంది. అది ఏ కరపత్రం మీదా రాసి తీర్చేది కాదు.

పాత చిట్టీ సంగతి కూడా చెప్పాలి. ఆ షూరిటీ నుంచి మధ్యలో తప్పుకుందామని అడిగితే, లెటర్ రాసిస్తే సరిపోదని, నా బదులు కంపెనీకి నచ్చిన ఇంకొకరు రావాలని చెప్పారు. ఎవరొస్తారు? చిట్టీ ముగిసేదాకా ఆగాను. 2025 ఆగస్టుతో ఆఖరి కిస్తీ అయిపోయింది. అడగకపోతే వాళ్లు ఏ కాగితమూ ఇవ్వరు. బాకీ లేదని లెటర్, అప్పుడు రాయించుకున్న ప్రామిసరీ నోటు, రెండూ అడిగి తీసుకోవాలి.

అన్నే బండి మీద తీసుకెళ్లాడు. కౌంటర్‌లో అమ్మాయి నవ్వుతూ, "కొత్త గ్రూపు మొదలవుతోంది సార్, మేడం షూరిటీ ఉన్నారు కదా" అంది. నేను నోరు తెరిచేలోపే అన్న, "ఆమె ఉండదు" అన్నాడు. ఆ మాటలో కోపముందో, అలవాటైపోయిందో నాకు అంతుపట్టలేదు. నోటు మధ్యాహ్నం మూడు తర్వాత ఇస్తామన్నారు. బయట చాయ్ తాగి, అమ్మ కంటి ఆపరేషన్ ఎక్కడ చేయించాలో మాట్లాడుకుని, మళ్లీ లోపలికి వెళ్లాం.